బండా? బ్లాకా?

ఈ వారం నాకు చికాకు తెప్పించింది ఒక్క వాక్యం. ‘ఘర్షణ ఎప్పుడూ చలనాన్ని వ్యతిరేకిస్తుంది.’ ఇంటర్ మొదటి ఏడాది నోట్సుల్లో ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాయించే వాక్యమిది. దాని కిందే ‘ఘర్షణ అంటే మ్యూ ఎంజీ’ అన్న సూత్రం, చుట్టూ డబ్బా. ఈ రెండూ బట్టీ పట్టిన కుర్రాడికి చిన్న లెక్క ఇవ్వండి. నేల మీద 20 కిలోల బ్లాక్ ఉంది, ఘర్షణ గుణకం మ్యూ 0.5, పక్క నుంచి 30 న్యూటన్ల బలంతో నెట్టాం, బ్లాక్ కదల్లేదు. ఘర్షణ ఎంత? క్షణం ఆలోచించకుండా 100 అంటాడు. అదే నిజమైతే, 30తో నెట్టిన పాపానికి ఆ బ్లాక్ 70 న్యూటన్ల బలంతో వెనక్కి తిరిగి మన మీదికే రావాలి! సరైన జవాబు 30. కదలని వస్తువు విషయంలో ఘర్షణ ఎంత అవసరమో అంతే పుడుతుంది. 100 దాని హద్దు మాత్రమే. వాలు మీదికెక్కిస్తే తప్పు రెట్టింపవుతుంది. అక్కడ నేల ఒత్తిడి ఎంజీ కూడా కాదు, దాన్ని వాలు కోణం కొసైన్‌తో గుణించాలి. ఇంతకీ లెక్క మొదలుపెట్టాల్సింది సూత్రంతో కాదు, ఒక ప్రశ్నతో: ఘర్షణే లేకపోతే ఇది ఎటు జారుతుంది? ఘర్షణ అడ్డుపడేది ఆ జారుడుకి, చలనానికి కాదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గోల తెలిసిందే: లెక్కలు మన నేల మీంచి పుట్టాలి. గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో ఎటు చూసినా పసుపు, అరటి, కంద చేలు. చదునైన డెల్టా. వాలు చూడాలంటే కృష్ణ కరకట్ట ఎక్కాల్సిందే. అలాంటి చోట పిల్లలకు ఏ ఊరిదో తెలియని బ్లాకు, ఏ వడ్రంగి చేశాడో తెలియని వాలుబల్ల ఎందుకు? గుంటూరు సీమలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందేలున్నాయి కదా. 1000 కిలోల బండ, మ్యూ 0.5, గొలుసు నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. సుమారు 5,000 న్యూటన్ల లాగుడు కావాలి. మరి ఎడ్లకు ఆ బలం ఎక్కడిది? కండరాలదే అనేస్తే లెక్క సగమే అయినట్టు. గిట్ట నేలను వెనక్కి తన్నుతుంది. వెనక్కి జారబోయే ఆ గిట్టను నేల ఘర్షణే ముందుకు తోస్తుంది. జత బరువు కూడా 1000 కిలోలే అయితే గిట్టల కింద మ్యూ కనీసం 0.5 ఉండి తీరాలి. ఒకే నేల, ఒకే ఘర్షణ, బండను వెనక్కి పడుతూ ఎడ్లను ముందుకు నడుపుతోంది. ఎర్ర సిరా వాక్యం ఇక్కడే చతికిలపడింది. ఇప్పుడు గొలుసు బండ నుంచి కాడి వైపు 15 డిగ్రీలు పైకి ఉందనుకోండి. ఆ లాగుడు బండను కాస్త పైకెత్తి దాని ఒత్తిడి తగ్గిస్తుంది, 4,565 న్యూటన్లు సరిపోతాయి. అదే గొలుసు కాడిని కిందికి గుంజి గిట్టల ఒత్తిడి పెంచుతుంది. అందుకే గిట్టల కింద 0.4 కన్నా కాస్త తక్కువ మ్యూ ఉన్నా ఎడ్లు జారవు. ఒక్క గొలుసు వాలుతో రెండు లాభాలు.

‘ఇలా బలాలన్నీ గీసుకుంటూ కూర్చుంటే ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 బిట్లు ఎవరు చేస్తారు?’ అంటారు. న్యాయమైన మాటే. కానీ ఎటు జారుతుందని అడుక్కోవడానికి పట్టేది కొన్ని సెకన్లు. తప్పు సూత్రాన్ని ఎంత వేగంగా వేసినా వచ్చేది తప్పు జవాబే. షార్ట్‌కట్ మీద నాకు కక్ష లేదు, దాన్ని ఒక్కసారైనా సొంతంగా రాబట్టుకున్నవాడి చేతిలో ఉంటే.

దీనికన్నా గట్టి అభ్యంతరం నా బండ లెక్క మీదే ఉంది. అమోంటన్ 1699లో, కూలుంబ్ 1785లో చెప్పిన ఘర్షణ నియమాలు పొడిగా, గట్టిగా ఉన్న తలాలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు బాగా నిలుస్తాయి. పందెపు బరి అలాంటిది కాదు. మట్టి మెత్తనైతే బండ ముందు అంచు దాన్ని పోగేసి తోసుకుపోతుంది, చాలు పడుతుంది, తేమ మారితే పట్టు మారుతుంది. ఎడ్లు దమ్ము పట్టి గుంజుతాయి, ఆగుతాయి, మళ్లీ గుంజుతాయి. అక్కడ మ్యూ అన్న ఒక్క అంకె ఎక్కడుందో చూపించమంటే నా దగ్గర జవాబు లేదు. 4,565 అంత శుభ్రంగా ఎలా వచ్చింది మరి? బండనీ ఎడ్లనీ కూడా చడీచప్పుడు లేకుండా బ్లాకులు చేసేశాను కనక. ఇన్నాళ్లూ నేను తిట్టిన ఊరూపేరూ లేని బ్లాకే ఈ లెక్కను మోసింది. కాబట్టి మొదట బ్లాకే రావాలి, నా గోల కాస్త పక్కన పెడతాను. బండ రావాల్సింది ఆ తర్వాత, బ్లాకు ఎక్కడ సరిపోదో చూపడానికి.

మలుపుల లెక్కలోనూ అంతే. 30 మీటర్ల వ్యాసార్ధమున్న చదును మలుపు, మ్యూ 0.6. గరిష్ఠ వేగం సెకనుకు 13.4 మీటర్లు, అంటే గంటకు 48 కిలోమీటర్లు. ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది కనక స్కూటరుకైనా అరటి గెలల లారీకైనా ఇదే హద్దు అని పుస్తకం అంటుంది. జారడం వరకు అది నిజం. కానీ బ్లాకుకు ఎత్తు లేదు, లారీకి ఉంది. చక్రాల మధ్య వెడల్పు 1.8 మీటర్లు, గెలలు పేర్చాక గరిమనాభి నేలకు 1.8 మీటర్ల ఎత్తున ఉంటే లెక్క మారుతుంది. గంటకు 44 దాటగానే, జారడానికి ముందే, లోపలి చక్రాలు నేలను వదిలేస్తాయి.