తిరగేసి చూడాల్సిన కుట్టు

తత్రీజ్ బాగా తెలిసినవాళ్ల చేతికి కుట్టిన గుడ్డ ఇస్తే ముందు వైపు చూసి మెచ్చుకోరు. తిరగేస్తారు. దారం ఎక్కణ్నుంచి ఎక్కడికి దూకింది, ముడి ఎక్కడ పడింది, తొందరపడి ఏ గీత దాటేశారు, అంతా వెనక వైపే తెలిసిపోతుంది. తత్రీజ్ అంటే అరబ్బీలో ఎంబ్రాయిడరీ అనే మామూలు మాటే. కానీ ఇవాళ ఆ మాట వినగానే అందరికీ గుర్తొచ్చేది పాలస్తీనా పల్లె ఆడవాళ్ల కుట్టుపని.

ఐక్యరాజ్యసమితి 1977లో నవంబరు 29ని పాలస్తీనా ప్రజలతో సంఘీభావ దినంగా ప్రకటించింది. 1947లో ఆ తేదీనే పాలస్తీనాను విభజించే తీర్మానం జనరల్ అసెంబ్లీలో నెగ్గింది. దానికి వ్యతిరేకంగా ఓటేసిన 13 దేశాల్లో మనదీ ఒకటి. ఆ ఒక్క రోజనే కాదు, ఏడాది పొడవునా ఎన్నో దేశాల్లో లైబ్రరీ హాళ్లలో, కమ్యూనిటీ సెంటర్లలో సంఘీభావంగా కళల రోజులు జరుపుతున్నారు. ఓ మూల పిల్లలు గాలిపటాలు అంటిస్తుంటారు, ఇంకో మూల దబ్కే. చేయీ చేయీ పట్టుకుని వరసగా నిలబడి నేల దద్దరిల్లేలా అడుగేసే ఈ నాట్యం, మట్టి కప్పులను ఊరంతా కలిసి తొక్కి గట్టిపరిచే పనిలోంచి పుట్టిందని అక్కడి పెద్దలు చెప్తారు. రాయలసీమలో మట్టిమిద్దెల కింద పెరిగినవాళ్లకు ఆ మాట నమ్మడం కష్టం కాదు. యునెస్కో దబ్కేను 2023లో, తత్రీజ్‌ను అంతకు రెండేళ్ల ముందు మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

దబ్కే చుట్టూ జనం మూగుతారు. తత్రీజ్ సూదులు పరిచిన బల్ల దగ్గర కూర్చునేది కొద్దిమందే. నా మాట వింటే ఆ బల్ల దగ్గరే కూర్చోండి.

ఆ బల్ల మీద నేర్పే కుట్టును పాలస్తీనాలో ఫల్లాహీ అంటారు, అంటే పల్లెకుట్టు. చూడ్డానికి చాలా తేలిక. లెక్కల పుస్తకంలో గుణకారానికి పెట్టే ఇంటూ గుర్తు ఒకటి, దాని పక్కన మరొకటి. అయితే గుడ్డ మీద ముందుగా బొమ్మ గీసుకోవడం ఉండదు. గుడ్డలోని పడుగు పోగులు, పేక పోగులు లెక్కపెట్టుకుంటూ, ఇన్ని అటు, ఇన్ని ఇటు అని సూది దించుతారు. మన చుక్కల ముగ్గు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. “పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క” అంటే చాలు, మన ఆడవాళ్ల కళ్ల ముందు ముగ్గు మొత్తం కనబడుతుంది. అక్కడి పిల్లలూ అమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర ఇలా లెక్కలుగానే డిజైన్లు నేర్చారు. చదువు రాని చేతుల్లో జిల్లా జిల్లా డిజైన్లు తరాలపాటు నిలిచాయంటే ఈ లెక్క వల్లే.

ఇంటూలో రెండు గీతలు. కింది గీతలన్నీ ఒక వాలున వెళ్తే, పై గీతలన్నీ దానికి ఎదురు వాలున తిరిగి రావాలి. సాధారణంగా ఒక వరస సగం కుట్లు వేసుకుంటూ పోయి, అదే దారిన వెనక్కి వస్తూ పూర్తి చేస్తారు. మధ్యలో ఒక్క ఇంటూ పై గీత అటు వాలిందంటే, దారం మీద వెలుగు పడినప్పుడు అది మచ్చలా కనబడుతుంది. నేను ఇంట్లో గళ్ల కాగితం ముందు పెట్టుకుని ప్రయత్నించినప్పుడు ఈ తప్పు చేశాను. మొదట గమనించలేదు. కిటికీ దగ్గరకు పట్టుకెళ్లాక కనబడింది. విప్పక తప్పలేదు. దారం మొదట్లో ముడి వెయ్యకూడదు. కొసను వెనక వైపు కొద్దిగా వదిలి, తర్వాతి కుట్ల కింద నొక్కిపట్టాలి. ముగింపులోనూ అంతే, ఉన్న కుట్ల కిందనుంచి సూది పోనిచ్చి కత్తిరించాలి. చేనేత గుడ్డయితే పోగులు కంటికి ఆనతాయి. బిగువు నేత గుడ్డయితే పైన పలచటి కాన్వాసు టాకా వేసి దాని గళ్లు చూసి కుట్టి, చివర కాన్వాసు పోగులను ఒక్కొక్కటిగా లాగేస్తారు. లాగేటప్పుడు చేయి వణికితే వారాల పని ముడుచుకుపోతుంది.

ఆడవాళ్లు తొడిగే పొడవాటి అంగీ పేరు థోబ్. దాన్ని కుట్టాక ఎంబ్రాయిడరీ చెయ్యరు. రొమ్ము మీది పలక, చేతులు, పక్క పట్టీలు, వెనక కింది భాగం విడివిడిగా కుట్టి తర్వాత జత చేస్తారు. రొమ్ము పలకను ఖబ్బే అంటారు. పని ఎక్కువగా పోగయ్యేది అక్కడే. అంగీ చిరిగినా ఖబ్బేను పారేయరు. ఊడదీసి కొత్తదానికి అతికిస్తారు. అందుకే గుడ్డ కంటే పెద్ద వయసు ఖబ్బేలు మ్యూజియంలలో కనబడతాయి.

అంగీ చూసి మనిషిది ఏ ఊరో చెప్పగలిగే రోజులుండేవి. రామల్లాది తెల్లటి నార గుడ్డ మీద ఎర్రటి కుట్టు. ఖర్జూరపు చెట్టు వాళ్ల గుర్తు. హెబ్రాన్ వైపు ‘పాషా గుడారాలు’. యాఫా చుట్టుపక్కల సైప్రస్ చెట్లు, నారింజ కొమ్మలు. గాజాలో కత్తెర. పేర్లలో చిలిపితనమూ తక్కువేం కాదు: ‘ముసలాయన పళ్లు’ ఒకటి, ‘శనగలూ ఎండుద్రాక్షలూ’ ఇంకొకటి. బెత్లెహేము వాళ్లది వేరే దారి. మన మగ్గం పనిలో జరీతాడును గుడ్డ మీద మెలికలు తిప్పి సన్న దారంతో పట్టి కుట్టినట్టే, వాళ్లు పట్టు తాడునూ జరీతాడునూ పరిచి కుట్టేవారు. ఆ పనితనం ఉన్న పెళ్లి అంగీకి ‘మలక్’ అని పేరు. ఇతర ఊళ్ల స్తోమతుగలవాళ్లు కూడా బెత్లెహేము నుంచి రొమ్ము పలకలు కొని తెప్పించుకునేవారు.

ప్రధానమైన రంగు ఎరుపు. ఎరుపులోనూ ఎన్నో ఛాయలు, ఊరికొకటి. దక్షిణాన బెదూయిన్లలో పెళ్లికాని పిల్లలూ, భర్త పోయినవాళ్లూ నీలం కుట్టుతో కనబడేవారు. భర్త పోయినామె మళ్లీ పెళ్లి చేసుకుంటే నీలం మీదికి ఎరుపు చేరేది. 1930ల నాటికి ఫ్రాన్సు నుంచి డీఎంసీ కంపెనీ నూలు దారం వచ్చి పట్టును పక్కకు నెట్టింది. దారంతోపాటు డిజైన్ల పుస్తకాలూ వచ్చాయి. వాటిలోని గులాబీలూ పక్షులూ పల్లె అంగీల్లోకి ఎక్కాయి. స్వచ్ఛమైన తత్రీజ్ ఏది అని వాదించేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. బతికున్న కళ బజారుకు వెళ్లి వస్తూనే ఉంటుంది.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచి పోవాల్సి వచ్చింది. 400కు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. నారింజ కొమ్మలకు పేరుపడ్డ బేత్ దజన్ వాటిలో ఒకటి. గుడ్డ నేసే మజ్దల్ జనాన్ని 1950 నాటికి గాజాకు తరిమేశారు. నేతగాళ్లు అక్కడే మగ్గాలు వేసుకున్నారు. శరణార్థి శిబిరంలో ఒకే నీటి కుళాయి దగ్గర పది ఊళ్ల ఆడవాళ్లు నిలబడితే డిజైన్లు కలవకుండా ఎలా ఉంటాయి? నిలువుగా ఆరు పట్టీలు దిగే ‘ఆరు కొమ్మల’ అంగీ శిబిరాల కాలానిదే, దానికి సొంతూరంటూ లేదు. గాజాలో ఐరాస శరణార్థి సంస్థ 1950లో మొదలుపెట్టిన సులాఫా కేంద్రం, లెబనాన్ శిబిరాల కోసం 1969లో పుట్టిన ఇనాష్ సంఘం ఈ కుట్టును కూలి పనిగా, ఇంటి ఖర్చులకు ఆదాయంగా మార్చాయి. పెళ్లికి కుట్టుకునే బట్ట అమ్మకానికి కుట్టే బట్టయింది. దీన్ని పతనం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ డబ్బుతో ఇళ్లు గడిచాయి.

1967 తర్వాత ఇజ్రాయెల్ ఆక్రమిత ప్రాంతాల్లో పాలస్తీనా జెండా ఎగరెయ్యడం నేరంగా ఉండేది. 1987లో ఇంతిఫాదా అనే ప్రజా తిరుగుబాటు మొదలయ్యాక ఆడవాళ్లు జెండానూ, దేశపటాన్నీ, జెరూసలేం గోపురాన్నీ అంగీల మీదే ఇంటూలుగా కుట్టుకున్నారు. గోడ మీది జెండాను సైనికుడు పీకేయగలడు. ఒంటి మీది బట్టను లాగడం అంత తేలిక కాదు.

కళల రోజున రెండు గంటల్లో బొటనవేలంత సైప్రస్ చెట్టు పూర్తయితే గొప్ప. నిండు అంగీకి నెలలు పడతాయన్నది వినడం వేరు, చూపుడు వేలు నొప్పి పుట్టాక తెలియడం వేరు. ఇలాంటి చోట్ల నాకు నచ్చనిది ఒకటుంది. డిజైన్ కాగితం మీద ‘పాలస్తీనా చెట్టు’ అని రాసి పంచుతారు. ఏ ఊరి చెట్టో రాయరు. ఊరి పేరు లేని తత్రీజ్ ఇంటిపేరు కొట్టేసిన మనిషి లాంటిది. బుక్‌మార్కు కుట్టించినా సరే, కింద ఆ ఊరి పేరు రాయించాలి.

గాజాలోని రఫాలో పాత అంగీలు దాచిన మ్యూజియం 2023 అక్టోబరులో బాంబు దాడికి కూలిపోయింది. ఇళ్లలో పెట్టెల్లో ఉన్నవాటికి లెక్కే లేదు. అయితే ఇది పోగులు లెక్కపెట్టి కుట్టిన కుట్టు కాబట్టి, స్పష్టమైన ఫొటో ఒకటి దొరికితే చాలు, పోయిన డిజైన్‌ను తిరిగి రాయొచ్చు. ఫొటోను పెద్దది చేసి, ఒక్కో ఇంటూను లెక్కపెట్టి గళ్ల కాగితం మీదికి ఎక్కించాలి. చాలా డిజైన్లలో రెండు సగాలూ ఒకేలా ఉంటాయి గనుక, ఎడమ వైపు చెదిరితే కుడి వైపు చూసి నింపొచ్చు. రెండు వైపులా మడతలో పోయిన చోట లెక్క అందదు. ఆ గళ్లు ఖాళీగా వదిలేయాల్సిందే.