బురద ఎక్కడిదో రాయండి

కొల్లేరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే మనం పక్షుల లెక్క చెబుతాం. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు ఎన్ని దిగాయి, నత్తగుల్ల కొంగలు ఎన్ని వాలాయి అని. ఆ కొంగ ముక్కు పెట్టేది బురదలో. నా పనీ ఆ బురదతోనే.

పని పెద్ద విద్యేమీ కాదు. దోనె మీద నుంచి అడుగు బురద ఎత్తాలి, అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో పోసి నీళ్లలో ఆడించాలి, మిగిలినదాన్ని తెల్ల ట్రేలో పరిచి పట్టకారుతో ఏరాలి. అయితే పుస్తకంలో పురుగు పేరు కన్నా ముందు నేల సంగతి రాయాలి: మెత్తటి ఒండ్రా, ఇసుకా, వేళ్లా, కుళ్లిన ఆకా?

ఎండాకాలంలో కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అంత తక్కువ నీటిలో అడుగు మారితే కాపురముండే జీవులూ మారిపోతాయి. జమ్ము, తుంగ ఉన్న అంచున కాడల మీది పాకుడు గీక్కుతినే నత్తలు, మాటువేసి వేటాడే తూనీగ పిల్లలు దొరుకుతాయి. ఆలిచిప్పకు ఇసుక కలిసిన కాస్త గట్టి నేల కావాలి. నడిమి ఒండ్రులో మిగిలేవి సన్నటి పురుగులు, ఎర్ర పురుగులు. ఈ ఎర్ర పురుగు, చూడ్డానికి దోమలా ఉన్నా కుట్టని ఒక ఈగ పిల్ల. దాని ఒంట్లో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంది కనుక, ప్రాణవాయువు అడుగంటినా బురద గొట్టంలో బతికేస్తుంది.

గుర్రపుడెక్కతో జాగ్రత్తగా ఉండాలి. తెప్పను ఎత్తి వేళ్లు దులిపితే ట్రే నిండా జీవాలే. సరిగ్గా దాని కింది బురద ఎత్తితే నల్లగా, కుళ్లు వాసనతో వస్తుంది. పైన ఆకు వెలుతురును ఆపేస్తుంది, కింద రాలిన ఆకు కుళ్లుతూ గాలిని తినేస్తుంది. కాబట్టి ఎక్కడిదో రాయని లెక్కను నేను నమ్మను.

కొల్లేటి హద్దుల లెక్కా అంతే. 1999లో సరస్సును అభయారణ్యం చేసినప్పుడు హద్దు ఐదో కాంటూరు అనే ఎత్తు గీత. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు లెక్క ఎకరాల్లో. నీళ్లు ఎంతమేర నిలుస్తాయో కాంటూరు చెబుతుంది. ఆ నీటి కింద ఎన్ని రకాల నేల మిగిలిందో కూడా సరస్సును కొలిచే సర్వేలో రాయాలి. జమ్ము పెరిగే వాలు అంచు ఉంచకుండా అంతా ఒకే లోతు చేస్తే, సరస్సు నిండినా అది ఎర్ర పురుగు ఒక్కదానికే ఇల్లు కట్టినట్టు.