నిష్ఠూరములాడు వలపు

విరహిణి చంద్రుని దూఱుట, మన్మథుని నిందించుట, మలయమారుతముపై నేరము మోపుట మన ప్రబంధములలో నెంతటి పరిపాటియైనదనగా, ఆ ఘట్టము వచ్చినంతనే పుట త్రిప్పివేయు పాఠకులు కొల్లలు; వారిని నేను తప్పుపట్టజాలను. ఐనను ఉపాలంభమునకు ప్రాణము నింగినున్న చంద్రుని తిట్టుటలో లేదు. ఎదుటనున్న ప్రియుని నిలవేసి యడుగుటలో నున్నది. ఇందులకు నిదర్శనములు నంద్యాల, ఆళ్లగడ్డల సీమయందే రెండు గలవు.

ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమున ఆదివన్ శఠకోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించిన తాళ్లపాక అన్నమాచార్యుడే (1408–1503) తన శృంగారసంకీర్తనములలో అలుకలను, దెప్పులను, ఎత్తిపొడుపులను స్వామికి నైవేద్యము పెట్టినాడు. పరకాంతను కూడి వచ్చిన ప్రియునిపై అలుగు, ఆలంకారికులు ఖండిత యని పేరిడిన నాయికను ఆయన శాస్త్రమునుండి తెచ్చి తెలుగింటి గడపలో నిలిపెను. పల్లవియందు నేరారోపణము జరుగును. చరణములందు వాడిన పూదండ, చెదరిన గంధము, నిదురలేని కన్నులు సాక్ష్యమునకు వచ్చును. పెక్కుచోట్ల మాటలాడునది నాయిక కాదు, చెలికత్తె. తాను మౌనముగానుండి తన పక్షమున వేఱొకతెచే వాదింపజేయుటలోని ఠీవి ఆడువారికి తెలియనిది కాదు. ప్రతిచరణమునకు పిమ్మట మరల వచ్చు పల్లవి తొలిసారి కోపముగా వినిపించినను, కడపటి చరణమున వేంకటేశుని ముద్ర పడి కూటమి సిద్ధించినపిదప, ఆ మాటలే ముద్దుగా మాఱిపోవును. పదము మాఱకయే భావము మాఱుట, నా దృష్టిలో, సంకీర్తనరచనయందలి యసలైన నేర్పు.

అన్నమయ్య జననమునకు ఎనిమిదేండ్లు ముందు, 1400లో, గతించిన ఆంగ్లకవి ఛాసర్ సైతము ఫిర్యాదురూపమున ప్రేమకవితలు వ్రాసెను. అందొకదానియందు ప్రియుడు న్యాయస్థానపు అర్జీవంటి పత్రము చేతబట్టి కరుణాదేవి కడకు పోవును. చూడగా ఆమె యప్పటికే మృతిచెందియుండును. అక్కడ ఆలకించువారు లేరు. ఇక్కడనో, నిందితుడైన దేవుడు వినక తప్పించుకొనజాలడు, ఏలయన నిష్ఠూరమాడు హక్కు నాయికకు ఆయన వలపే యిచ్చినది, పరాయివానిని నిష్ఠూరమాడువారెవరు?

ఆ హక్కునే పదునాఱవ శతాబ్దిలో పింగళి సూరన తలక్రిందులు చేసి చూపెను. నంద్యాల కృష్ణమరాజునకు అంకితమైన కళాపూర్ణోదయమున, రంభ ప్రియుడైన నలకూబరుని వలచిన కలభాషిణి రంభారూపము దాల్చగా, నిజమైన రంభ ఎదురుపడును. ఇద్దఱు రంభలు నొకరినొకరు మాయలాడివని దూషించుకొందురు. ఇరువురి రూపమొకటే, అభియోగమొకటే. ప్రియునిపై హక్కు ఎవరిదో తేల్చు గుర్తు మాత్రము లేదు. విరహవర్ణనమున అలంకారముగా మిగిలిపోవలసిన ఉపాలంభము ఇచట కథనే నడపుచున్నది.

అదే కావ్యమున సుగాత్రీ శాలీనుల కథ మఱింత సాహసము. భర్త తనను దరిజేరకున్నను సుగాత్రి ఒక్క మాటైన అనదు. కోపము తల్లిది, అల్లుని తోటపనికి పంపినదియు నామెయే. భర్త శ్రమ చూడలేక సుగాత్రి సొమ్ములు తీసివేసి తానును ఆ పనిలో చేయి కలిపినంతనే, సింగారించుకొన్న భార్యను కన్నెత్తి చూడని శాలీనుని మనస్సు ఆమెపై నిలిచెను. అన్నమయ్య నాయిక నోరు విప్పి గెలిచినచోట సూరన నాయిక నోరు విప్పకయే గెలిచినది. ఐనను ఆ తల్లి సణుగుడు లేకున్నచో శాలీనుడు తోటకు పోయియుండెడివాడు కాడు.