చూడ్డానికి కాదు, తియ్యడానికి

కామెర్లు వచ్చిన మనిషికి స్కాన్‌లో పిత్తవాహిక ఉబ్బి కనిపిస్తే, డాక్టర్ల నోట వెంటనే వచ్చే మాట ఈఆర్‌సీపీ. నోట్లోంచి ఎండోస్కోపు గొట్టాన్ని చిన్నపేగు మొదటి భాగం దాకా దింపుతారు. పిత్తరసం, క్లోమరసం పేగులోకి కారే సన్నటి ద్వారం గుండా రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు. 1968లో అమెరికాలో మొదటిసారి చేసినప్పుడు చూడడమే దాని పని. 1974లో జర్మనీలో, జపాన్‌లో వైద్యులు ఆ ద్వారం దగ్గరి కండరాన్ని లోపలి నుంచే కోశారు. దాంతో పొట్ట కోయకుండానే రాళ్లు తీయడం సాధ్యమైంది. తీయడానికే తప్ప, చూడ్డానికి దీన్ని ఇక వాడకూడదంటాను.

కారణం క్లోమం. దాన్ని కదిపితే ఊరుకోదు, వాస్తుంది. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో ముప్పు ఎక్కువున్న 602 మందికి ఈఆర్‌సీపీ చేశారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో నూటికి దాదాపు 17 మందికి క్లోమం వాచింది. మలద్వారం గుండా వాపు తగ్గించే ఇండోమెథాసిన్ మందు పెట్టినవారిలోనూ 9 మందికి తప్పలేదు. చేయి తిరిగినవాళ్లు చేస్తే భయమేమిటంటారా? ఇవి అమెరికా యూనివర్సిటీ ఆసుపత్రుల లెక్కలే. పైగా, స్కాన్‌లో గానీ రక్తపరీక్షలో గానీ ఏ తేడా లేకుండా, పిత్తాశయం తీసేశాక కడుపునొప్పి మిగిలినవారికి ఆ కండరం కోసి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి: కోసినట్టు నటించినవారికంటే నిజంగా కోసినవారికి మేలేమీ జరగలేదు. నొప్పి ఉందన్నంత మాత్రాన గొట్టం దింపడం న్యాయం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

వాహికలను చూడ్డానికి ఈఆర్‌సీపీకి బదులు ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ స్కాన్ ఉంది. అది చిన్న రాళ్లను వదిలేస్తుందన్న అభ్యంతరం నిజమే. అలాంటి అనుమానం ఉన్నచోట ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది. అది వాహికలోకి దూరకుండా, పేగు గోడ పక్కనుంచే చూస్తుంది. ఇవి చిన్న ఊళ్లలో దొరకవు, ఖర్చూ ఎక్కువ అన్న మాటకే బరువుంది. కానీ అనవసరంగా వాచిన క్లోమంతో ఆసుపత్రిలో పడుకుంటే అయ్యే బిల్లు ముందు ఆ స్కాన్ ఖర్చు ఎంతని? వాహికలో రాయి అడ్డుపడి, చలిజ్వరంతో, కామెర్లతో, రక్తపోటు పడిపోతూ వచ్చిన రోగి సంగతి వేరు. అతన్ని ఎంఆర్‌ఐ వరుసలో కూర్చోబెట్టకూడదు. చీము బయటికి వచ్చే దారి వెంటనే తెరవాలి. అది చూడ్డానికి చేసేది కాదు గనక, నా వాదనకు అడ్డు రాదు.