ముంజె తల్లీ, దండం

ముంజె తల్లీ, నీకు దండం. రేపటికి దాచుకునే వీలు లేకుండా పుట్టినందుకు మరీ మరీ దండం.

మన ఎండాకాలమంతా దాపుడే. ఆవకాయ ఏడాదికి సరిపడా జాడీలో కూర్చుంటుంది, వడియాలు డబ్బాకెక్కుతాయి, మిరపకాయలు మేడ మీద ఎండుతాయి. నువ్వొక్కదానివే ఆ లెక్కకు లొంగవు. వలిచి ఉంచితే రాత్రికే నీరసపడి జిగటెత్తుతావు. పోనీ చెట్టునే ఉండనిద్దామంటే గట్టిపడిపోయి, ఆశపడి తిన్న పిల్లల కడుపులో నొప్పివవుతావు. తొందరపడి దించితే అంతా నీళ్ళే. ఆ ముందుకూ ఈ వెనక్కూ మధ్య సన్నటి సందులో ఉంటావు, దొరికితే దొరికినట్టు.

హైదరాబాదు నుంచి బెజవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కొర్లపహాడ్ టోల్‌గేటుకు అటూ ఇటూ, చెట్టు నీడన నిన్ను అమ్మేవాళ్ళు గెలలు పోసుకుని కూర్చుంటారు. కార్లు జోరుగా పోతుంటాయి. ఆగినవాడికే నువ్వు. తలగుడ్డ చుట్టుకున్న తాత కాయను చేతిలో తిప్పి, నొక్కి చూసి, కత్తితో ఒక్క వేటు వేస్తాడు. నెత్తి ఎగిరిపోతుంది. మూడు కళ్ళు తెరుస్తావు, ఒక్కోసారి రెండే. "ఇది లేతగుంది, తాగు బిడ్డా" అంటాడు.

బొటనవేలు వంచి కన్ను అంచున దించాలి. గోరు లోపల గుచ్చుకుందా, నీళ్ళు చొక్కా మీదికి చిమ్ముతాయి. మెల్లగా తిప్పితే పొరతో సహా కదులుతావు, వేలికి వగరూ నాలుకకు చలవా ఒకేసారి అందిస్తావు, మోచేతి దాకా కారతావు. రెండు చేతులూ నీకే కావాలి. తడివేళ్ళకు ఫోన్ పలకదు. దాన్ని ఇంత మర్యాదగా పక్కన పెట్టించినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

నిమిషాల్లో గుమ్మం ముందు వాలే ప్లాస్టిక్ డబ్బాలోకీ ఎక్కావు, వలిపించుకుని, చల్లబడి. తప్పేం లేదు, నేనూ తింటాను. కాకపోతే ఆ డబ్బా ముందు కూర్చుని ఏదో సినిమా చూస్తూ తింటే అది ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. నువ్వు వచ్చినట్టూ ఉండదు, పోయినట్టూ ఉండదు.

నీ తోబుట్టువు నీరా నీకంటే తొందరమనిషి. తెల్లవారక ముందు తియ్యన, ఎండెక్కితే పులిసి కల్లు. దాని కోసం చీకటితోనే మోకు, ముస్తాదు కట్టుకుని గీత కార్మికుడు చెట్టెక్కుతాడు. ఆ ఎత్తున మనసు ఇంకోచోటికి పోతే కిందికి వచ్చేది మనిషే. అడుగు, మోకు, అడుగు. ఆ ఏకాగ్రతను అతను ఏ ధ్యాన శిబిరంలోనూ ఫీజు కట్టి నేర్చుకోలేదు. దాన్ని గొప్పగా పాడుకోవడం నాకు తేలికే. ఎక్కేది నేను కాదుగా.

నీ తల్లి తాటిచెట్టుకు మాత్రం ఏ తొందరా లేదు. పన్నెండు, పదిహేనేళ్ళు ఊరి చివర ఊరికే నిలబడి, అప్పుడు గాని గెల వెయ్యదు. తాత నాటితే మనవడు తింటాడు. దాని ఆకు మీద గంటంతో గీసిన తెలుగు వందల ఏళ్ళు నిలిచింది. బ్రౌన్ దొర పోగుచేయించిన ప్రతులు చెన్నపట్నం రాతప్రతుల భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆకుకు అంత ఆయువు పోసిన చెట్టే నీకు ఒక్క పూట ఇచ్చి ఊరుకుంది. పిసినారితనం అనుకోను నేను.

కత్తికి చిక్కనివి శ్రావణానికి తాటిపళ్ళై ధబ్బున రాలతాయి. వాటి టెంకలు పాతర వేస్తే సంక్రాంతి నాటికి తేగలు. నీ ఖాళీ డిప్పలకు పుల్ల గుచ్చి పిల్లలు బండి తోలుతారు. అవన్నీ వేరే పూటలు, వాటి పాట అప్పుడు పాడదాం.

ఇవాళ రోహిణి కార్తె. తారు మెత్తబడే ఎండ. తాతా, లేతది చూసి ఇంకోటి కొట్టు. వెనకాల హారన్ కొట్టేవాణ్ణి కొట్టనీ. వాడికీ రెండు కాయలు తీసి ఉంచు.