వీథుల పేర్లును, వంశవృక్షములును

పురాతన పట్టణములలోని పేటల చరిత్రమును, అందలి కుటుంబముల వంశక్రమమును పరిశోధించి గ్రంథములు వ్రాయు ఆచారము మనలో క్రమముగా ప్రబలుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఇట్టి గ్రంథములను చదివినపుడు మాకు ఒక సందేహము కలుగుచున్నది. ఇవి చరిత్రమును వెదకుచున్నవా, లేక వ్రాయువారి కులగౌరవమునకు సాక్ష్యమును వెదకుచున్నవా? తెలుగువారికి చిరకాల సంబంధము గల చెన్నపట్టణపు జార్జిటౌనును ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని విచారింతము.

ఈ పట్టణమునకు చెన్నపట్టణమను పేరు తెలుగు నాయకుల వలన వచ్చినదే. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ సముద్రతీర భూమిని దయచేసిన దామెర్లవారి తండ్రి చెన్నప్పనాయకుని పేర ఇది వెలసినదని ప్రసిద్ధి. కోటకు ఉత్తరమున ఆనుకొని నేత పనివారు, వర్తకులు, దుబాసీలు నివసించు పాత పట్టణము పెరిగినది. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని 1749లో తిరిగి యిచ్చిరి. ఆ యుద్ధముల కాలమున కోటకు అడ్డముగా నున్న యిండ్లను ఫ్రెంచివారు కొన్నిటిని, ఇంగ్లీషువారు తక్కినవానిని నేలమట్టము చేసిరి. ఆ బయలులో మరల నెవ్వరును ఇండ్లు కట్టకుండ 1773లో హద్దుస్తంభములను నాటిరి. ఆ పాత పట్టణమున్న తావుననే 1892 నుండి హైకోర్టు భవనమున్నది. ఇల్లు పోగొట్టుకొన్నవారు ముత్యాలుపేటకును పెద్దనాయకునిపేటకును చేరిరి. ఈ రెండు పేటలకే 1911లో జార్జిటౌనను పేరు వచ్చినది. కావున మా పూర్వులు కోట కట్టిన నాటినుండి ఈ యింటనే యున్నారని పాత పట్టణపు కుటుంబమేదైన చెప్పుకొనిన యెడల, చరిత్రకారుడు ముందుగా ఈ కూలిన యిండ్లను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

ఈ పట్టణ చరిత్రమునకు ఇప్పటికిని మూలాధారమైనది హెన్రీ డేవిసన్ లవ్ దొర 1913లో ప్రకటించిన బృహద్గ్రంథము. కంపెనీవారి దఫ్తరములను ఆయన శోధించిన శ్రద్ధ మిక్కిలి కొనియాడదగినది. పూర్వపు పటములను, లేఖలను, తీర్మానములను ఒకచోట చేర్చి 1800 వరకు నడిచిన కథను మనకిచ్చినారు. అయితే దఫ్తరమునకు తెలిసినది దఫ్తరమున వ్రాసినవారి లోకమే. కంపెనీతో లెక్క యున్న వర్తకుడు అందు కనబడును. కుడిచేతి, ఎడమచేతి కులములు 1707లో వీథులకొరకు కలహించినపుడు కులపెద్దలు కనబడుదురు. వర్తకుని సరకు మోసిన కూలివాడును, నూలు వడికిన స్త్రీయును పేరుతో కనబడుట అరుదు. 1680 దశకమున ఈ రేవునుండి ఓడలకెక్కించి పంపిన బానిసలు సుంకపు లెక్కలో అంకెలుగా మిగిలిరి. ఇది లవ్ దొర దోషము కాదు. ఆయన గ్రంథమే సమస్తమని దానిని ఎత్తివ్రాయుటతో తృప్తిపడు మన దోషము.

మన కుటుంబములు వ్రాసికొన్న వంశావళులు ఈ లోపమును పూరించునేమో యని చూచితిమేని అవియు అట్లే యున్నవి. వానిలో తండ్రికి కుమారుడు, కుమారునికి కుమారుడు. తల్లులు లేకయే తరములు గడచినట్లు తోచును. చిత్రమేమనగా, తర్పణము విడుచునపుడు మన గృహస్థులు తల్లి, పితామహి, ప్రపితామహి యని మూడు తరముల స్త్రీలను పేరుపేరున తలంతురు. మాతామహులకును నీళ్లు విడుతురు. నోటితో తలచిన ఆ పేర్లను కాగితముపై వ్రాయుటకు మాత్రము చేయి రాదు. పైగా మన యింటిపేర్లలో పెక్కు పూర్వులు వచ్చిన గ్రామమును తెలుపునట్టివి. వివాహమైన కన్య పుట్టినింటి పేరును విడుచుటతో ఆమె పూర్వుల గ్రామపు జాడయు పోవుచున్నది. ఇందువలన వంశచరిత్రలో సగము మొదటనే తెగిపోయినది.

కోటలోని సెయింట్ మేరీ దేవాలయమున 1680లో వ్రాయబడిన మొదటి వివాహము ఎలీహు యేలు, కాథరిన్ అనువారిది. ఆ వధువు వితంతువు. ఇంగ్లీషువారు ఆ సంగతిని దాచుకొనలేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881లో ప్రథమ వితంతు వివాహమును జరిపించిరి. తమ బంధువులలో అట్టి వివాహము జరిగినదని వంశావళిలో ధైర్యముగా వ్రాసికొను గృహస్థులు నేటికిని ఎందరు గలరు?

అట్లయిన ఆధారములు లేవా? కలవు. వెదకు చోటు వేరు. పాత క్రయదస్తావేజులో ప్రతి యింటికిని నాలుగు ఎల్లలు వ్రాసియుందురు: తూర్పున ఫలానావారి యిల్లు, దక్షిణమున ఫలానావారి దొడ్డి, ఉత్తరమున సందు. ఒక వీథిలోని పది దస్తావేజులను ప్రక్కప్రక్కన నుంచినచో ఆ కాలపు వీథి అంతయు కన్నులకు గట్టును. ఎవరి ప్రక్కన ఎవరుండిరో, ఏ కులమువాడు ఎక్కడ ఇల్లు కొనెనో తేటపడును. రిజిస్ట్రేషను కచేరీలలో పేర్ల సూచికయు, స్థలముల సూచికయు వేరువేరుగా నుండును. పేటచరిత్రకు రెండవదే ముఖ్యము. ఎగ్మూరులోని రాజకీయ పత్ర భాండాగారమును చూచువారు సైతము ఈ దస్తావేజులను ఉపేక్షింపరాదు.

ఇందు స్త్రీల విషయము విశేషించి గమనింపదగినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునకు పూర్వము భర్త ఆస్తిపై వితంతువునకు గలది పరిమితమైన హక్కు. ఆమె ఇల్లు అమ్మినచో, ఆవశ్యకత లేని అమ్మకమని భర్తృదాయాదులు వ్యాజ్యెము వేయవచ్చును. కనుక కొనువాడు తన రక్షణకై అమ్మకపు కారణములను దస్తావేజులో వ్రాయించుకొనెడివాడు: భర్త చేసిన ఋణము, కూతురి వివాహము, ఉత్తరక్రియలు. పురుషుని దస్తావేజు ధరను చెప్పి ఊరకుండగా, వితంతువు దస్తావేజు ఒక సంసారపు కథను చెప్పును. ఆమె నోరు మూసిన శాస్త్రమే ఆమె చరిత్రను మనకు మిగిల్చినది!

వంశములను త్రవ్వుట కులాభిమానమును పెంచును గాన సంస్కారప్రియులు దీనిని మానవలెనని కొందరందురు. మేమట్లు తలంపము. కులాభిమానమును పెంచునది సగము చెప్పిన వంశచరిత్రము. పూర్తిగా చెప్పినది దానిని అణచును. అందు ఋణములుండును, వలసలుండును, కూలిన యిండ్లుండును. ముత్తాత కట్టించిన మేడతోపాటు దానికి సున్నము కలిపినవారును, ఆ మేడలో మనోవర్తికై కోర్టుకెక్కిన ముత్తవ్వయు నుందురు. అట్టి వంశమును చూచి గర్వించుట కష్టము, ప్రేమించుట సులభము.

లింగిచెట్టి, తంబుచెట్టి, గోవిందప్పనాయకుడు వీథుల పేర్లలో సుఖముగా నున్నారు. వారికొరకు మనము శ్రమపడనక్కరలేదు. పేటచరిత్రము వ్రాయబూనిన విద్యావంతులు మొదట తమ యింటి పెద్దముత్తైదువలను, వితంతువులను అడిగి, ప్రతి తల్లి పేరును పుట్టినింటి పేరుతో సహా వ్రాసికొనవలెను. పిమ్మట పెట్టెలోని దస్తావేజులను విప్పవలెను. దఫ్తరములు రేపటికిని ఉండును. ముసలివారి జ్ఞాపకము ఉండదు.