కౌంటరుకో స్టూలు

చీర అమ్మడం చూసినంత తేలికైన పని కాదు. వచ్చినావిడ పెళ్లికూతురి కోసం కొంటోందో, పెట్టుబడి చీరలకు వచ్చిందో రెండు మాటల్లో పసిగట్టాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు ఎలా అతికిందో తిరగేసి చూపించాలి. ఉప్పాడ జాందానీ ఎంత తేలికో చేతికిచ్చి తెలియజెప్పాలి. కొంగు భుజం మీద వేసి అద్దం ముందుకు తీసుకెళ్లాలి. ఇరవై చీరలు విప్పించి ఏదీ నచ్చలేదని వెళ్లిపోయినా, మొహం చిట్లించకుండా మళ్లీ మడతలు పెట్టాలి.

చదువుకునే రోజుల్లో, వేసవి సెలవుల్లో నేనూ బట్టల కొట్లో పనిచేశాను. తెల్లదుప్పట్లు పరిచిన పరుపుల మీద కొనేవాళ్లూ, అమ్మేవాళ్లం మేమూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. బేరం లేని మధ్యాహ్నాలు కొట్లో పెద్ద గుమస్తా పక్కన కూర్చోబెట్టుకుని, జరీ మంచిచెడ్డలు చెప్పేవారు. జీతం తక్కువే. అయినా మర్నాడు మళ్లీ వెళ్లాలనిపించేది. ఉద్యోగంలో తృప్తి జీతం ఒక్కదానితోనే రాదని అక్కడే తెలిసింది.

ఇప్పుడు చాలా షోరూముల్లో అమ్మేవాళ్లు పొద్దస్తమానం నిలబడే ఉంటున్నారు. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ, ర్యాకుకి వీపు ఆనించి, సూపర్‌వైజర్ కనబడగానే చటుక్కున సర్దుకునే ఆడపిల్లల్ని చూస్తుంటాను. కాళ్లు పీకుతున్న మనిషికి చీరల గురించి నేర్చుకోవాలన్న కోరిక ఎక్కణ్నుంచి వస్తుంది? పక్క షాపులో నాలుగు రూపాయలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోతారు. నిలకడ లేదని నింద మాత్రం వాళ్లకే.

నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ 1948లోనే చెప్పింది. దుకాణాల్లో ఆ హక్కు కోసం కోళికోడ్‌లో దర్జీ పని చేసే పి. విజి ఆడవాళ్లను కూడగట్టి పోరాడాల్సి వచ్చింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించి ఆ హక్కు ఇచ్చాయి.

షోరూముల యజమానులకు నా విన్నపం: చట్టం వచ్చి అడిగేదాకా ఆగకండి. కౌంటరుకో స్టూలు వేయించండి, బేరం లేనప్పుడు కూర్చోనివ్వండి. పని తెలిసిన మనిషి మీ దగ్గరే ఉండిపోవాలంటే ముందు చేయాల్సింది అదే. కొనడానికి వెళ్లే మనమూ, కూర్చున్న అమ్మాయిని చూసి మర్యాద లేదనుకోవడం మానుకుందాం. “కూర్చునే చూపించమ్మా” అని మనమే అందాం.